ఎస్‌ఈ/30లో 128 ఎంబీ వేసినా 8 ఎంబీయే ఎందుకు పనిచేస్తుంది? పాత మ్యాక్ అప్‌గ్రేడ్ల వెనక లెక్క

ఆపిల్ కంపెనీ పాత కంప్యూటరు మ్యాకింటాష్ (మ్యాక్)ను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదటి వారంలోనే కొన్ని ప్రశ్నల దగ్గర ఆగిపోతారు. ర్యామ్ ఎంత పడుతుందని అడిగితే ఒకరు 128 ఎంబీ అంటారు, ఇంకొకరు 8 అంటారు. ఏ సిస్టమ్ (ఆపరేటింగ్ సిస్టమ్) దాకా నడుస్తుందంటే 7.5.5 అని కొందరు, 8.1 అని కొందరు. డిస్కు ఎంతదైనా పెట్టొచ్చని ఒక మాట, 2 జీబీ దాటకూడదని ఒక మాట.

విచిత్రమేమిటంటే ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు ప్రాసెసర్ హద్దు చెబుతున్నారు, ఒకరు రోమ్ (యంత్రం తొలి ప్రోగ్రాములు శాశ్వతంగా ఉండే చిప్పు) హద్దు, ఒకరు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ హద్దు, మరొకరు డిస్కు ఫార్మాట్ హద్దు. ఏ హద్దు ఏ పొరలో ఉందో విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది మ్యాకింటాష్ ఎస్‌ఈ/30. తెర, బోర్డు, డిస్కు అన్నీ ఒకే డబ్బాలో ఉండే తెలుపు నలుపు కాంపాక్ట్ మ్యాక్‌లలో సత్తాకీ, పేచీకీ ఇదే ముందు.

ఏ డబ్బాలో ఏముంది

1984 జనవరిలో వచ్చిన తొలి మ్యాకింటాష్‌లో మోటరోలా 68000 ప్రాసెసర్, 128 కేబీ ర్యామ్ ఉండేవి. 1986లో ప్లస్ వచ్చింది. దానితో డిస్కుల్లాంటి పరికరాలను తగిలించే స్కజీ పోర్టు, 4 ఎంబీ దాకా ర్యామ్ పెంచుకునే వీలు వచ్చాయి. 1987 నాటి ఎస్‌ఈలో హార్డ్ డిస్కు లోపలికి చేరింది. ఈ మూడింటిలోనూ అదే 68000, సుమారు 8 మెగాహెర్ట్జ్.

1989 జనవరిలో వచ్చిన ఎస్‌ఈ/30 పైకి అచ్చం ఎస్‌ఈలాగే ఉంటుంది. అదే 9 అంగుళాల తెలుపు నలుపు తెర, అవే 512×342 చుక్కలు. లోపల మాత్రం సుమారు 16 మెగాహెర్ట్జ్ 68030 ప్రాసెసర్, పక్కనే దశాంశ లెక్కలు చేసే 68882 చిప్పు, 1.44 ఎంబీ ఫ్లాపీ డ్రైవు, ర్యామ్‌కి ఎనిమిది స్లాట్లు ఉంటాయి. బోర్డు లెక్కన చూస్తే ఇది మ్యాక్ 2ఎక్స్‌ని చిన్న పెట్టెలో సర్దినట్టే. మ్యాక్ 2 కుటుంబం బలంతో పాటు ఆ కుటుంబం జబ్బు కూడా దీనికి వచ్చింది. ఆ జబ్బు రోమ్‌లో ఉంది.

ర్యామ్ కంటే ముందు కెపాసిటర్లు

అప్‌గ్రేడ్ అనగానే అందరి చెయ్యీ ర్యామ్ మీదికే పోతుంది. ముప్ఫై అయిదేళ్లు దాటిన బోర్డులో ముందు చూడాల్సింది కెపాసిటర్లు. ఈ బోర్డు మీద ఉపరితలానికి అతికించిన చిన్న అల్యూమినియం డబ్బా కెపాసిటర్లు ఉంటాయి. ఎక్కువ భాగం 47 మైక్రోఫారడ్, 16 ఓల్టులవి. వాటి అడుగు రబ్బరు సీలు వదులైపోయి లోపలి ద్రవం బయటికి కారుతుంది. ఆ ద్రవానికి కరెంటును మోసే గుణం ఉంది, రాగి గీతలను తినేసే గుణం కూడా ఉంది. కెపాసిటర్ చుట్టూ టంకం మెరుపు పోయి బూడిద రంగుకి తిరిగితే కారినట్టే. అక్కడ సోల్డరింగ్ ఐరన్ పెడితే కుళ్లిన చేపల వాసన వస్తుంది.

లక్షణాలు రెండు బాగా తెలిసినవి. ఒకటి, ఆన్ చేయగానే వచ్చే గంట శబ్దం సన్నబడిపోవడం, లేదా అసలు రాకపోవడం. శబ్దం చిప్పుల పక్కన కెపాసిటర్లు కారితే ఇలా అవుతుంది. రెండోది, తెర నిండా అడ్డ చారలు వచ్చి యంత్రం అక్కడే బిగుసుకుపోవడం. జపనీస్‌లో చారలను ‘షిమా’ అంటారు. అక్కడివాళ్లు పెట్టిన ‘సిమాసిమాక్’ అనే పేరే ఈ చారల జబ్బుకి ప్రపంచమంతా స్థిరపడింది. దీనికి కారణం కారిన ద్రవం గీతలను కోసేయడం కావచ్చు, రోమ్ స్టిక్కు సరిగ్గా కూర్చోకపోవడమూ కావచ్చు. రోమ్‌నీ ర్యామ్‌నీ తీసి, కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెడితే చారలు పోయిన యంత్రాలు చాలా ఉన్నాయి. అందుకే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునే ముందు ఈ ఖర్చులేని పరీక్ష జరగాలి.

మార్చేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. అల్యూమినియం డబ్బా కెపాసిటర్ మీద నల్లటి పట్టీ ఉన్నవైపు మైనస్. దాని బదులు పెట్టే టాంటలమ్ కెపాసిటర్ మీద పట్టీ ఉన్నవైపు ప్లస్. పాతదాని పట్టీ ఎటుందో చూసి కొత్తదాని పట్టీని అటే పెడితే ధ్రువాలు తిరగబడి, కరెంటు ఇవ్వగానే టాంటలమ్ కాలిపోతుంది. బోర్డు మీద అచ్చు వేసిన ప్లస్ గుర్తునే నమ్మాలి.

పాతవాటిని ఎలా ఊడదీయాలన్న దానిమీద పనివాళ్లలో ఏకాభిప్రాయం లేదు. మెల్లగా మెలిపెట్టి తిప్పితే కాళ్లు తెగి డబ్బా ఊడొస్తుంది, వేడి తగలదు కాబట్టి బోర్డుకి మేలని ఒక వర్గం. ద్రవం నానిన ప్యాడ్లు (కాళ్లను టంకంతో అతికించే రాగి చోట్లు) అప్పటికే వదులుగా ఉంటాయి, తిప్పితే వాటినీ పీకేస్తుందని ఇంకో వర్గం. ఈ రెండోవాళ్లు రెండు ఐరన్లతో రెండు కాళ్లనూ ఒకేసారి కరిగిస్తారు. రెండు పద్ధతుల్లోనూ బాగుపడ్డ బోర్డులున్నాయి, ప్యాడ్లు లేచిపోయిన బోర్డులూ ఉన్నాయి. టంకం ఇంకా మెరుస్తున్న బోర్డుకి తిప్పే పద్ధతి ఫరవాలేదు గానీ, బూడిదరంగుకి తిరిగిన బోర్డుకి రెండు ఐరన్లే క్షేమమని నా అభిప్రాయం.

గడియారం కోసం పెట్టిన 3.6 ఓల్టుల అర-ఏఏ లిథియం బ్యాటరీది ఇంతకన్నా పెద్ద ప్రమాదం. పాతది పగిలితే బోర్డు మొత్తం తుప్పుపట్టి చేతికి రాదు. బ్యాటరీ లేకపోయినా ఎస్‌ఈ/30 ఆన్ అవుతుంది, తేదీ మాత్రం 1904 జనవరి 1కి పోతుంది. కాబట్టి దాచిపెట్టే యంత్రంలో బ్యాటరీ ఉంచడానికి కారణమే లేదు.

పెట్టె తెరవడానికి పొడవాటి కాడ ఉన్న టీ15 టార్క్స్ స్క్రూడ్రైవర్ కావాలి. నాలుగు స్క్రూల్లో రెండు పైన పిడి లోపల బాగా లోతుగా ఉంటాయి. లోపల పిక్చర్ ట్యూబుకి వెళ్లే ఓల్టేజీ పది వేల పైమాటే, స్విచ్చి కట్టేశాక కూడా ట్యూబులో చార్జి నిలిచి ఉండొచ్చు. పాత టీవీలు బాగుచేసినవాళ్లకి ఈహెచ్‌టీ (అతి ఎక్కువ ఓల్టేజీ) అంటే తెలుసు, ఇదీ అదే. ట్యూబు వెనక సన్నటి మెడ ఇంకా సున్నితం. అక్కడ చెయ్యి తగిలి విరిగితే గాలి లోపలికి పోయి ట్యూబు పనికిరాకుండా పోతుంది. అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్లు వెనక లేబుల్ చూడకుండా మన 230 ఓల్టుల ప్లగ్గులో పెట్టకూడదు. అక్కడ అమ్మిన ప్లస్ 120 ఓల్టులకే తయారైంది.

128 ఎంబీ ఎలా 8 అవుతుంది

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఎస్‌ఈ/30లో 30 పిన్నుల ర్యామ్ స్టిక్కులు ఎనిమిది పడతాయి. వీటిని సిమ్‌లు అంటారు, ఫోన్ సిమ్‌తో వీటికి సంబంధం లేదు. ఒక్కో స్టిక్కు ఒక్కసారికి 8 బిట్లు ఇస్తుంది, ప్రాసెసర్‌కి ఒక్కసారికి 32 బిట్లు కావాలి. అందుకే నాలుగేసి ఒక జట్టు. జట్టులో నాలుగూ ఒకే సైజువి కావాలి. 16 ఎంబీ స్టిక్కులు ఎనిమిది పెడితే 128 ఎంబీ. ఇది బోర్డు, ప్రాసెసర్ల హద్దు. పాత పీసీల్లోంచి తీసిన తొమ్మిది చిప్పుల స్టిక్కులూ పనిచేస్తాయి, తొమ్మిదో బిట్టును మ్యాక్ పట్టించుకోదు.

రోమ్ దగ్గర కథ మారుతుంది. 68000 కాలంలో మెమరీ చిరునామాకి 24 బిట్లు సరిపోయేవి. 24 బిట్లతో 16 ఎంబీ దాకా లెక్కపెట్టొచ్చు. చిరునామాను దాచే గడి మాత్రం 32 బిట్లది. మిగిలిన 8 బిట్లు ఖాళీ. అప్పట్లో ప్రతి బైటూ బంగారమే కాబట్టి, ఆ ఖాళీలో ఆపిల్ ఇంజినీర్లు ‘ఈ ముక్కను కదపొద్దు’, ‘దీన్ని అవసరమైతే పారేయొచ్చు’ లాంటి గుర్తులు పెట్టుకున్నారు. పోస్టు కార్డు మీద చిరునామా పోగా మిగిలిన చోట సొంత లెక్కలు రాసుకున్నట్టు. 32 బిట్లూ చిరునామాకే వాడే 68020, 68030 వచ్చాక ఆ లెక్కలు కూడా చిరునామాలో భాగమైపోయి, ఉత్తరం ఊరు తప్పింది. మ్యాక్ 2, 2ఎక్స్, 2సీఎక్స్, ఎస్‌ఈ/30 రోమ్‌లలో ఈ పాత అలవాటు అలాగే ఉండిపోయింది. వీటినే ‘32-బిట్ డర్టీ’ రోమ్‌లంటారు.

కాబట్టి ఈ యంత్రం మామూలుగా 24-బిట్ పద్ధతిలోనే నడుస్తుంది. ఆ 16 ఎంబీ చోటు ఇలా పంచబడి ఉంది: ర్యామ్‌కి 8, రోమ్‌కి 1, విస్తరణ స్లాట్లకి 6, ఇన్‌పుట్ అవుట్‌పుట్ చిప్పులకి 1. కలిపితే 16. ర్యామ్ వాటా 8 ఎంబీయే. ఎన్ని స్టిక్కులు గుచ్చినా ఆ గడి పెరగదు.

తెర మీద ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. 32 ఎంబీ వేసి సిస్టమ్ 7 ఎక్కించి, ఆపిల్ మెనూలో ‘అబౌట్ దిస్ మ్యాకింటాష్’ తెరిస్తే మొత్తం మెమరీ 32,768కే (కే అంటే కేబీ) అని సరిగ్గానే ఉంటుంది. కింద సిస్టమ్ సాఫ్ట్‌వేర్ పట్టీ మాత్రం 26,000కే దాటి సాగిపోయి ఉంటుంది, ఖాళీ 6,000కే దగ్గర. ఇది చూసి సిస్టమ్ 7 ఇంత తిండిపోతా అనుకుంటారు. లెక్క వేస్తే 32,768లోంచి వాడగలిగిన 8,192 తీసేయగా మిగిలేది 24,576. చేరుకోలేని ఆ మెమరీని కూడా సిస్టమ్ తన ఖాతాలోనే చూపిస్తోంది. దాని నిజమైన తిండి మహా అయితే రెండు మూడు ఎంబీ.

దీనికి మందు 1991లోనే వచ్చింది. కనెక్టిక్స్ అనే సంస్థ రాసిన ‘మోడ్32’ రోమ్‌లోని తప్పు భాగాలను బూట్ సమయంలో దిద్దుతుంది. ఆపిల్ దాని లైసెన్సు తీసుకుని వినియోగదారులకి ఉచితంగా ఇచ్చింది. సిస్టమ్ ఫోల్డర్‌లో వేసి, మెమరీ కంట్రోల్ ప్యానెల్‌లో 32-బిట్ అడ్రసింగ్ ఆన్ చేసి రీస్టార్ట్ చేస్తే 32 ఎంబీ మొత్తం చేతికొస్తుంది. సిస్టమ్ 7.5కి ఆ వెర్షన్‌కి తగిన మోడ్32 కావాలి. పాతది వేస్తే పని జరగదు.

రెండో దారి రోమ్‌నే మార్చడం. ఎస్‌ఈ/30లో రోమ్ స్టిక్కు రూపంలో ఉండటం అదృష్టం. మ్యాక్ 2ఎస్‌ఐ రోమ్ స్టిక్కు దీనిలో నడుస్తుంది, అది శుభ్రమైన 32-బిట్ రోమ్. ఈ మధ్య అభిరుచిగల ఇంజినీర్లు కొత్తగా తయారుచేస్తున్న రోమ్ స్టిక్కులూ ఉన్నాయి. మోడ్32 చాలదా అంటే చాలామందికి చాలు. అసలు ముక్క దేన్నీ కదపకుండా, ఎప్పుడైనా తీసేయగలిగే దిద్దుబాటు అది. సిస్టమ్ 7.5.5 దాటి పోవాలనుకునేవాళ్లకే రోమ్ మార్పుతో అవసరం. 1997లో వచ్చిన 7.6 డర్టీ రోమ్ యంత్రాలను ఒప్పుకోదు. శుభ్రమైన రోమ్, మరికొన్ని అతుకులతో 8.1 దాకా ఎక్కించినవాళ్లు ఉన్నారు. మొదట్లో చెప్పిన రెండు జవాబుల్లో 8.1 వచ్చింది ఇక్కడి నుంచే.

128 ఎంబీకి ఒక ధర చెల్లించాలి. ఆన్ చేయగానే రోమ్ ర్యామ్ మొత్తాన్ని పరీక్షిస్తుంది, అంతసేపూ తెర మీద ఏమీ కదలదు. నిండా ర్యామ్ ఉన్న యంత్రం చచ్చిపోయిందనుకుని మధ్యలో కట్టేస్తుంటారు, అది ఇంకా లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. ఆ కాలపు ప్రోగ్రాములకి 16 లేదా 32 ఎంబీ ధారాళంగా సరిపోతుంది.

ర్యామ్ ఉన్నా ‘మెమరీ చాలదు’ అనే సందేశం

ఇది విడిగా చెప్పుకోవాల్సిన చిక్కు. నేటి సిస్టమ్‌లు అడిగినప్పుడల్లా ప్రోగ్రాముకి మెమరీ ఇస్తాయి. పాత మ్యాక్‌లో ప్రోగ్రాము తెరుచుకున్న క్షణంలోనే దాని వాటా ఖాయమైపోతుంది. 1,000కే వాటాతో మొదలైన ప్రోగ్రాము, పక్కన 20 ఎంబీ ఖాళీగా ఉన్నా ఆ 1,000లోనే సర్దుకోవాలి. పెద్ద బొమ్మ తెరిస్తే మెమరీ లేదంటుంది. ప్రోగ్రాము మూసేసి, దాని ఐకాన్‌ను ఎంచుకుని ‘గెట్ ఇన్ఫో’లో ప్రిఫర్డ్ సైజును 3,000కే చేస్తే అదే బొమ్మ తెరుచుకుంటుంది. కొత్త ర్యామ్ కొనాలనుకున్న చాలా సందర్భాల్లో కావాల్సింది ఈ ఒక్క అంకె మార్చడం.

డిస్కు: ఎంత పెద్దది అన్నది కాదు, ఎలా రాశారన్నది

ఎస్‌ఈ/30తో వచ్చిన 40, 80 ఎంబీ స్కజీ డిస్కుల్లో క్వాంటమ్ ప్రోడ్రైవ్‌లకి ఒక ప్రత్యేక రోగం ఉంది. లోపల డిస్కును చదివే తలలు ఆగేచోట ఉన్న రబ్బరు కాలక్రమంలో జిగురు తారులా మారుతుంది, తలలు దానికి అతుక్కుపోతాయి. డిస్కు తిరుగుతుంది, చదవదు. అందుకే బ్లూస్కజీ, జులుస్కజీ, స్కజీ2ఎస్‌డీ లాంటి చిన్న బోర్డులు వచ్చాయి. ఎస్‌డీ కార్డు మీది ఫైలును ఇవి స్కజీ డిస్కుగా చూపిస్తాయి. స్కజీ గొలుసులో 0 నుంచి 7 దాకా ఎనిమిది నంబర్లు, అందులో 7 మ్యాక్‌దే. రెండు పరికరాలకి ఒకే నంబరు పడితే రెండూ పనిచేయవు.

ఇక్కడ జనాన్ని అందరికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఒకటుంది. ఎమ్యులేటర్‌లో (నేటి కంప్యూటరు మీద పాత మ్యాక్‌ను అనుకరించే ప్రోగ్రాములో) చక్కగా బూట్ అయిన డిస్కు ఇమేజీని (డిస్కు మొత్తాన్ని దాచిన ఫైలును) ఎస్‌డీ కార్డులో వేస్తే, అసలు యంత్రంలో మెరిసే ప్రశ్నార్థకమే మిగులుతుంది. కార్డు పాడైందనీ, బోర్డు పాడైందనీ వెతుకుతారు. రెండూ బాగానే ఉంటాయి. తేడా ఇమేజీ రకంలో ఉంది. మినీ వీమ్యాక్ లాంటి ఎమ్యులేటర్‌కి ఒక్క వాల్యూమ్ ఉంటే చాలు, అంటే ఫైళ్ల భాగం మాత్రమే. అసలు మ్యాక్‌కి డిస్కు మొదట్లో విభజన పట్టిక, ఆ తర్వాత డిస్కు డ్రైవరు కూడా డిస్కు మీదే రాసి ఉండాలి. ఆ కాలపు మ్యాక్ డ్రైవరును డిస్కు నుంచే చదువుకుంటుంది. వాల్యూమ్ ఇమేజీకి ఈ రెండూ చేర్చి డివైస్ ఇమేజీగా మార్చే డిస్క్ జాకీ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. ఇంకో తలనొప్పి: ఆపిల్ ఇచ్చిన ‘హెచ్‌డీ ఎస్‌సీ సెటప్’ ఆపిల్ ముద్ర ఉన్న డిస్కులను మాత్రమే గుర్తిస్తుంది. వేరే డిస్కులకి దిద్దిన వెర్షన్ కావాలి.

సైజు మాటకొస్తే, సిస్టమ్ 7.5కి ముందు ఒక వాల్యూమ్ 2 జీబీ దాటకూడదు. 64 జీబీ కార్డు ఉంది కదా అని 2 జీబీ వాల్యూమ్ చేయడం తెలివైన పనేమీ కాదు. కారణం హెచ్‌ఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్ లెక్క. అది ఎంత పెద్ద వాల్యూమ్‌నైనా 65,535కి మించని గడులుగానే కోయగలదు. 80 ఎంబీని అలా కోస్తే గడి 1.5 కేబీ. 2 జీబీని కోస్తే గడి 32 కేబీ పైనే. ఫైలు ఎంత చిన్నదైనా కనీసం ఒక గడి తీసుకుంటుంది. 1 కేబీ ఫైళ్లు వెయ్యి ఉంటే చిన్న వాల్యూమ్‌లో 1.5 ఎంబీ పడతాయి, పెద్దదాంట్లో 32 ఎంబీ. వంద, రెండు వందల ఎంబీల వాల్యూమ్‌లు నాలుగైదు చేసుకుని, ఒకదాంట్లో సిస్టమ్ 6, ఒకదాంట్లో సిస్టమ్ 7 పెట్టుకోవడం చక్కటి ఏర్పాటు. వేగం మీద ఆశ వద్దు. ఎస్‌డీ కార్డు ఎంత వేగమైనదైనా, ఆ స్కజీ చిప్పు సెకనుకి ఒకటి, ఒకటిన్నర ఎంబీకి మించి తోడలేదు.

అసలు డిస్కు గిరగిర శబ్దం లేకపోతే అది ఎస్‌ఈ/30యే కాదనే వాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది, ఆ శబ్దం ఆ యంత్రం ఊపిరి లాంటిదే. బాగున్న పాత డిస్కును లోపలే ఉంచి, ఎస్‌డీ బోర్డును వెనక బయటి పోర్టుకి తగిలించి, మొదటిరోజే లోపలి డిస్కు మొత్తాన్ని కాపీ తీసుకుంటే ఇద్దరి వాదనా నెగ్గుతుంది.

ఫైలును ఇవతలి నుంచి అవతలికి చేర్చడం

సాఫ్ట్‌వేర్ దొరకడం తేలికే. దాన్ని పాడుకాకుండా చేర్చడమే పని.

మ్యాక్ ఫైలుకి రెండు భాగాలు. ఒకటి డేటా ఫోర్క్, మామూలు ఫైలు లాంటిది. రెండోది రిసోర్స్ ఫోర్క్, ఆ కాలపు ప్రోగ్రాముల కోడు, ఐకాన్లు, మెనూలు అన్నీ ఇందులోనే. విండోస్ పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేస్తే రెండో భాగం రాలిపోతుంది. ఫైలు పేరు అదే ఉంటుంది, లోపల ప్రోగ్రాము ఉండదు. అందుకే రెండు భాగాలనూ ఒకే మూటగా కట్టే స్టఫిట్, బిన్‌హెక్స్, మ్యాక్‌బైనరీ పుట్టాయి. మూటను పాత మ్యాక్‌లోకి చేర్చాకే విప్పాలి. 1998లో వచ్చిన స్టఫిట్ 5 తన మూట కట్టే తీరు మార్చింది. దాని మూటలను అంతకుముందటి ఎక్స్‌పాండర్లు (మూట విప్పే ప్రోగ్రాములు) విప్పలేవు. ఫైలు చెడిపోయిందని సందేశం వస్తే చాలాసార్లు కారణం ఇదే.

ఫ్లాపీలది ఇంకో లెక్క. 800కే మ్యాక్ ఫ్లాపీని పీసీ డ్రైవు ఎందుకు చదవలేదంటే, మ్యాక్ డ్రైవు తల ఉన్న చోటును బట్టి తిరిగే వేగాన్ని నిమిషానికి 394 నుంచి 590 చుట్ల దాకా మారుస్తుంది. అంచున పొడవైన ట్రాకులు కాబట్టి అక్కడ 12 సెక్టార్లు, లోపలికి పోయేకొద్దీ 11, 10, 9, 8. ఒక్కోరకం 16 ట్రాకులు. అయిదూ కూడితే 50, పదహారుతో హెచ్చిస్తే 800 సెక్టార్లు, సెక్టారుకి అర కేబీ చొప్పున 400కే. రెండు వైపులా కలిసి 800కే. ఒకే వేగంతో తిరిగే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవుకి ఇది అందదు. 1.44 ఎంబీ ఫ్లాపీ మాత్రం రెండు లోకాల్లోనూ ఒకేలా రాస్తారు. ఎస్‌ఈ/30 దాన్ని చదవగలదు కాబట్టి ప్లస్ కంటే దీనితో పని హాయి.

ప్లస్‌లో 1.44 రకం ఫ్లాపీని 800కేగా ఫార్మాట్ చేసి వాడినవాళ్లు చాలామంది. ఆ ఫ్లాపీని ఎస్‌ఈ/30లో పెడితే, రెండో మూల రంధ్రం చూసి ఇది 1.44 అనుకుని, చదవలేక ‘ఇనిషియలైజ్ చేయమంటారా’ అని అడుగుతుంది. ఒప్పుకుంటే అందులో ఉన్నదంతా పోయినట్టే. ఎజెక్ట్ నొక్కి, ఆ రంధ్రం మీద టేపు అంటించి మళ్లీ పెడితే చదివే అవకాశం ఉంది.

ఇమేజీ ఫైలు సైజు చూసి కూడా అది ఏ రకమో చెప్పొచ్చు. 800కే ఫ్లాపీ శుద్ధ ఇమేజీ 8,19,200 బైట్లు. డిస్క్ కాపీ 4.2 రకానికి ముందు 84 బైట్ల తలకట్టు, చివర సెక్టారుకి 12 చొప్పున 19,200 బైట్ల ట్యాగులు చేరి 8,38,484 అవుతుంది. ఒక ప్రోగ్రాము ఇమేజీని నిరాకరిస్తే ముందు ఈ అంకె చూడాలి.

సిస్టమ్ 6యా, 7యా

ఎస్‌ఈ/30కి కనీసం సిస్టమ్ 6.0.3 కావాలి. 6.0.8 ఒక్క ఫ్లాపీ మీద ఇమిడి, ఒక ఎంబీలోపు ర్యామ్‌తో సరిపెట్టుకుని, ఈ యంత్రం మీద కళ్ల ముందే చెంగుమని లేస్తుంది. ఎనభైల నాటి ప్రోగ్రాములకి అదే పుట్టినిల్లు. కానీ అది 24-బిట్టే, 8 ఎంబీ దాటదు. 1991లో వచ్చిన సిస్టమ్ 7తో 32-బిట్ అడ్రసింగ్, ఫైల్ షేరింగ్ వచ్చాయి. 1996 నాటి 7.5.5 అధికారికంగా చివరిది. బరువెక్కువ, కానీ నెట్‌వర్క్ పనులకి అదే తగినది. ఈ రెంటికీ మధ్య 7.1 చాలామందికి ఇష్టం.

పాత ప్రోగ్రాము కొత్త సిస్టమ్‌లో కూలిపోతే కారణాలు కొన్నే. 32-బిట్ పద్ధతికి సిద్ధంగా లేని ప్రోగ్రాము కూడా, పాత రోమ్‌లాగే, చిరునామా గడిలో గుర్తులు రాసుకుని ఉండొచ్చు. మెమరీ ప్యానెల్‌లో 32-బిట్ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే నడుస్తుంది. ప్లస్‌లో తెర మెమరీ ప్రధాన ర్యామ్‌లోనే ఉంటుంది, ఎస్‌ఈ/30లో విడి వీడియో ర్యామ్‌లో. సిస్టమ్‌ను అడగకుండా నేరుగా తెర మీద రాసే తొలినాటి ఆటలు అందుకే ఇక్కడ చతికిలబడతాయి. ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా వాడుకున్న ఆటలు ఇక్కడ మరీ వేగంగా పరిగెడతాయి. వాటికి ప్లస్ కావాలి, లేదా ప్లస్‌ను అనుకరించే ఎమ్యులేటర్.

మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పెళ్లి పత్రికలూ కరపత్రాలూ కూర్చిన పేజ్‌మేకర్ కూడా మొదట 1985లో పుట్టింది ఈ చిన్న మ్యాక్‌ల మీదే. ఆ కోణంలో చూసినా ఈ తెర మనకి పూర్తిగా పరాయిది కాదు.

తెలుగు ఫైలు మాత్రం ఇందులో తెరుచుకోదు. నేటి తెలుగును దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు. ఆ బైట్లను ఎస్‌ఈ/30 మూడు విడి అక్షరాలనుకుంటుంది. ‘క’ అని రాస్తే హెక్స్ (పదహారు ఆధారంగా ఉండే) అంకెల్లో ఈ0, బీ0, 95 అనే బైట్లు వస్తాయి. పాత మ్యాక్ అక్షర పట్టికలో అవి వరసగా జంట బాకు గుర్తు, అనంతం గుర్తు, రెండు చుక్కల ఐ. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. ఆ ఆరూ పద్దెనిమిది పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోయి కాదు, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ ఈ యంత్రం కంటే తర్వాత పుట్టింది కనుక.

తేదీ, నెట్, హక్కులు

పాత సిస్టమ్‌ల తేదీ ప్యానెల్ 1920 నుంచి 2019 దాకానే ఒప్పుకుంటుంది. 2020 తర్వాత తేదీ పెట్టాలంటే గడియారానికి నేరుగా రాసే చిన్న ప్రోగ్రాము కావాలి. గడియారం మాత్రం ఇంకా బతికే ఉంది. 1904 నుంచి సెకన్లు లెక్కపెట్టే ఆ 32-బిట్ అంకె 2040 ఫిబ్రవరి 6న నిండుతుంది.

ఈథర్నెట్ కార్డు పెట్టినా, ఎస్‌డీ బోర్డు ద్వారా వైఫై ఇచ్చినా, నేటి వెబ్‌సైట్ల గుప్తీకరణ ఈ ప్రాసెసర్ మోయలేదు. మధ్యలో ఇంకో కంప్యూటరు పేజీని సరళం చేసి అందించాల్సిందే. ఇంట్లో ఫైళ్లు పంచుకోవడానికి మాత్రం నెట్‌వర్క్ బాగా పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ హక్కుల విషయంలో రెండు వాదనలున్నాయి. అమ్మేవాడే లేని ప్రోగ్రామును భద్రపరచకపోతే అది లోకం నుంచే పోతుందన్నది సేకర్తల మాట. ఫ్లాపీల అయస్కాంత పూత రాలిపోతున్న ఈ రోజుల్లో ఆ మాటకి బరువుంది. అమ్మకం ఆగినంత మాత్రాన కాపీరైట్ పోదన్నది చట్టం మాట. ‘అబాండన్‌వేర్’ అనేది వాడుక మాటే, చట్టంలో దానికి చోటు లేదు. ఆపిల్ సిస్టమ్ 6ను, 7.0.1ను, 7.5.3ని ఒకప్పుడు ఉచితంగా డౌన్‌లోడ్‌కి పెట్టింది. 7.5.3ని పందొమ్మిది ముక్కలుగా ఇచ్చింది, దాని మీద 7.5.5 అప్‌డేట్ వేసుకోవాలి. 7.1ని అలా ఇవ్వలేదు.

కొనే ముందు ఇదంతా రుచి చూడాలంటే ఇన్ఫినిట్ మ్యాక్ అనే సైట్ బ్రౌజరులోనే ఈ పాత సిస్టమ్‌లను నడిపిస్తుంది. ఒక ప్రోగ్రాము ఏ సిస్టమ్ మీద కూలుతుందో, ఎంత వాటా అడుగుతుందో అక్కడే పరీక్షించుకుని, ఆ తర్వాత ఇమేజీని డివైస్ రకానికి మార్చి కార్డులో వేసుకుంటే, అసలు యంత్రం ముందు కూర్చున్నాక వెతుకులాట సగం తగ్గుతుంది.